గొలుసు చివర మేకు

ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో, ఇంటర్ గైడ్ల గుట్ట కింద, అట్ట ఊడిపోయిన ఇరానీ కథల సంకలనం ఒకటి దొరికింది, ఇంగ్లీషు అనువాదం. యాభై అన్నాడు, నలభైకి ఇచ్చాడు. ఇరానీ అంటే హైదరాబాదులో చాయ్ తప్ప ఇంకేం గుర్తొస్తుంది ఎవరికైనా, నాకూ అంతే. ఆ రాత్రి పుస్తకం తెరిచి మొదట చదివింది ఒక కోతి కథ. తర్వాత మూడు రోజులు ఆఫీసులో ఏ ఫైలు ముందేసుకున్నా ఆ కోతే కనిపించింది.

కథ సాదెక్ చూబక్‌ది. 1949లో వచ్చిన సంపుటిలోది, ఆ సంపుటి పేరు కూడా కథ పేరే, 'యజమాని చచ్చిపోయిన కోతి' అని చెప్పుకోవచ్చు తెలుగులో. కోతి పేరు మఖ్మల్. అవును, మన మఖమల్ గుడ్డే. ఊరూరా తిరిగి కోతిని ఆడించి బతికే ఒకడు, వాడి వెంట ఈ మఖ్మల్. కొడతాడు, తిండి పెడతాడు, తను పీల్చే నల్లమందు పొగ దాని మొహాన వదులుతాడు, అలా దానికీ మత్తు అలవాటైపోయింది. ఒకరోజు తెల్లారేసరికి చెట్టు తొర్రలో పడుకున్న మనిషి లేవడు. చచ్చిపోయాడు. కోతికి కాసేపటికి సంగతి అర్థమవుతుంది, నేలలో దిగ్గొట్టిన మేకు పీక్కుని బయల్దేరుతుంది.

ఇక్కడి నుంచి మామూలుగా అయితే అది విముక్తి కథ అయిపోవాలి కదా. చూబక్ అలా కానివ్వడు. గొలుసు మెడకే ఉంది, ఎటు వెళ్లినా వెనకాల చప్పుడు చేస్తూ వస్తూనే ఉంది. ఒక గొర్రెల కాపరి కుర్రాడు ఊరికే ఏడిపిస్తాడు. పైనించి డేగ మీద పడుతుంది. ఎక్కడ ఆగాలో, ఏం తినాలో, ఎవడి ముందు గెంతాలో దానికి తెలీదు. చివరికి తిరిగి ఆ శవం దగ్గరికే వస్తుంది. అంతలో గొడ్డళ్లతో మనుషులు వస్తుంటారు. పారిపోదామని లాగితే గొలుసు నేలలో చిక్కుకుపోయి రాదు.

కొట్టేవాడు పోయాక ఏమవుతుంది అన్న ప్రశ్న నేను కథల్లో పెద్దగా చూడలేదు. మన దగ్గర దొర చస్తేనో పారిపోతేనో కథ అయిపోతుంది. ఇక్కడ కథ మొదలయ్యేదే వాడు చచ్చాక.

ఆ కోతి పుణ్యమా అని ఏడాదిన్నరగా దొరికిన ఇరానీ కథలూ నవలలూ చదువుతూ వచ్చాను. నాకు ఫార్సీ రాదు, అన్నీ ఇంగ్లీషులోనే. కానీ ఒక విచిత్రం ఉంది. ఈ పుస్తకాల మీద వచ్చే వ్యాసాల్లో మూలభాష మాటలు తగిలినప్పుడల్లా సగం మనవే. అణచివేతకి వాళ్ల మాట జుల్మ్, మన జులుం అదే. బందీ, జంజీరు, దర్బారు, ఫర్మానా అన్నీ అటునించి వచ్చినవే, ఉర్దూ కంటే ముందు నిజాం సర్కారు కాగితాలు ఫార్సీలోనే నడిచాయి మరి. అన్నిటికంటే నన్ను ఆపేసింది ఫిర్యాదు. ఫార్సీలో ఫర్యాద్ అంటే కేక, గొంతు చించుకుని అరవడం. మన దాకా వచ్చేసరికి అది రెండు కాపీలు తీసి, సంతకం పెట్టి, కౌంటర్లో ఇచ్చి రసీదు తీసుకునే వ్యవహారం అయింది. బందోబస్తు ఇంకా బాగుంటుంది. మనకేమో పోలీసు కాపలా, ఇప్పటి ఇరాన్ వాళ్లకేమో అది లోపాయికారీ ఒప్పందం. (ఇందులో తేడా ఏముంది అని మా అన్నయ్య జోకు.)

భాష గురించి అన్నాను కాబట్టి జమాల్‌జాదే కథ ఒకటి. 1921లో బెర్లిన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంతోనే ఆధునిక ఫార్సీ కథ మొదలైందని అంటారు. అందులో 'ఫార్సీ అంటే చక్కెర' అని ఒక కథ. అంజలీ రేవులో ఒక లాకప్. రమజాన్ అనే అమాయకపు కుర్రాడిని ఎందుకో తెలియకుండానే లోపల పడేశారు. నన్నెందుకు పట్టుకున్నారయ్యా అని పక్కనున్న షేకుని అడిగితే ఆయన అరబ్బీ పాండిత్యంలో జవాబిస్తాడు, ఒక్క ముక్క అర్థం కాదు. విదేశాల్లో చదివొచ్చిన బాబుని అడిగితే ఆయనది ఫ్రెంచి కలగలిపిన ఫార్సీ. కుర్రాడు వీళ్లకి దయ్యం పట్టిందనుకుని బెంబేలెత్తి తలుపు బాదుతాడు. నవ్వొస్తుంది చదువుతుంటే, భలే నవ్వొస్తుంది. కానీ తహసీల్దారు ఆఫీసు బయట దస్తావేజు పట్టుకుని నిలబడి, అందులో ఏం రాసుందో ఎవరైనా చెబుతారా అని మొహాలు చూసే ముసలాయన్ని ఒక్కసారి చూసినవాళ్లకి ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు.

మళ్లీ చూబక్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నదంతా ఆయన మూడు పేజీల్లో చెప్పేశాడు. 'పంజరం' అని చిన్న కథ, అదే సంపుటిలోది. రోడ్డు పక్కన, మురిక్కాలవ ఒడ్డున, కోళ్లని కుక్కిన ఒక పంజరం. అంతే కథ. కోళ్లు వాటి పెంటలోనే తొక్కిసలాడుకుంటూ, ఒకదాన్నొకటి పొడుచుకుంటూ ఉంటాయి. మధ్య మధ్య ఒక చెయ్యి లోపలికి వస్తుంది. దొరికినదాన్ని పట్టుకుని బయటికి లాగుతుంది, బయట దాని గొంతు కోస్తారు, లోపలున్నవి చూస్తాయి, మళ్లీ పొడుచుకోవడం మొదలు. ఒక పెట్ట గుడ్డు పెడుతుంది, చెయ్యి వచ్చి దాన్నీ తీసుకుపోతుంది. ఆ చెయ్యి ఎవరిదో చూబక్ చెప్పడు. మొహం లేదు, పేరు లేదు. చెయ్యి గురించి రాసింది తక్కువ, కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకోవడం గురించి రాసింది ఎక్కువ. నాకు ఈ మొత్తం సాహిత్యంలో పట్టుబడ్డ సూత్రం ఇదే. వీళ్లలో గట్టివాళ్లెవరూ షాని, అంటే ఇరాన్ రాజుని, చూపించరు, షా పేరెత్తరు, ఆ చేతిని అలా వదిలేసి పంజరంలోకి చూస్తారు.

ఆ సంపుటి చివర్లో రబ్బరు బంతి పేరుతో ఒక నాటకం కూడా ఉంది. రెజా షా రోజులు. ఒక మంత్రిగారి గుమ్మం ముందు పోలీసు కనిపిస్తాడు. ఇక చూడండి టెన్షన్, అరెస్టు చేయడానికే వచ్చాడని ఇల్లంతా గడగడ, నిన్నటిదాకా చుట్టూ తిరిగిన బంధువులు ఒక్కొక్కరే మాకేం సంబంధం లేదన్నట్టు జారుకుంటారు. ఆఖరికి తేలేదేమిటంటే ఆ పోలీసు పిల్లవాడి బంతి ఇంట్లో పడిందని దానికోసం వచ్చాడు. జులుం చేసేవాడికి రోజూ జులుం చేయాల్సిన అవసరం కూడా ఉండదు, జనమే అతని పని చేసిపెడతారు, మంత్రులతో సహా.

ఆ కాలం సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను, చరిత్ర పాఠం నా వల్ల కాదు. రెజా షా 1925లో గద్దె ఎక్కాడు, 1941లో బ్రిటిష్, సోవియట్ సేనలు దేశంలోకి వచ్చాక దిగిపోయాడు. అతని హయాంలో 1937లో 53 మందిని కమ్యూనిస్టులని పట్టుకుని జైల్లో వేశారు, అందులో బొజోర్గ్ అలవీ అనే రచయిత ఉన్నాడు. ఆయన జైల్లో చక్కెర పొట్లాల కాగితాల మీద, సిగరెట్టు పెట్టెల మీద రాసుకున్నవే బయటికొచ్చాక 'జైలు చిత్తుకాగితాలు' పేరుతో పుస్తకమయ్యాయి. సాదెగ్ హెదాయత్ అయితే తన 'గుడ్డి గుడ్లగూబ' నవలని స్వదేశంలో వేయలేక 1936లో బొంబాయి వచ్చినప్పుడు చేత్తో రాసి యాభై ప్రతుల దాకా తీయించాడు, ఇరాన్‌లో అమ్మకూడదు అని దాని మీదే రాసి మరీ. రెజా షా దిగాకే అది టెహరాన్ పత్రికలో వచ్చింది. ఆ నవల గురించి ఇక్కడ మొదలుపెడితే ఈ పోస్టు అవదు, పైగా నాకు సగమే అర్థమైందని ఒప్పుకోవడం మంచిది.

1953లో ప్రధాని మొసద్దెగ్ ప్రభుత్వాన్ని కూల్చేసి కొడుకు షా పట్టు బిగించాక, 1957లో సవాక్ అనే గూఢచారి పోలీసు వ్యవస్థ వచ్చాక, రాసేవాళ్లూ చదివేవాళ్లూ ఒక అలవాటులో పడ్డారు. ప్రతిదాన్నీ సంకేతంగా చదవడం. రాత్రి అంటే నియంతృత్వం, తెల్లారడం అంటే విప్లవం, ఎర్ర పువ్వు కనిపిస్తే చాలు గెరిల్లా. నాకు ఈ చదువు నచ్చదు, మొహమాటం లేకుండా చెబుతున్నా. మనకీ ఈ జబ్బు ఉంది, మన విమర్శకులు కొందరికి కథలో తూర్పు దిక్కు వస్తే చాలు. విడ్డూరమేమిటంటే సెన్సారు అధికారీ, విప్లవకారుడూ పెట్టుకునేది ఒకే కళ్లజోడు. ఇద్దరూ కోతిని కోతిగా చూడరు.

గోలాంహొస్సేన్ సాఎదీ రాసిన ఆవు కథనే తీసుకోండి. ఆయన మానసిక వైద్యుడు, తబ్రీజ్ మనిషి. 'బయల్ శోకితులు' అని 1964 నాటి పుస్తకంలో ఉంది ఆ కథ. బయల్ అనే పేద పల్లెలో మష్దీ హసన్‌కి ఆవంటే ప్రాణం. ఆయన ఊళ్లో లేనప్పుడు ఆవు చచ్చిపోతుంది. ఊరివాళ్లు ఆయన తట్టుకోలేడని భయపడి దాన్ని దాచేసి, తప్పిపోయిందని చెబుతారు. మంచి మనసుతోనే అబద్ధం ఆడారు, ఇది మర్చిపోకూడదు. హసన్ నమ్మడు, కొట్టంలోకి వెళ్లి గడ్డి మేస్తూ తనే ఆవునంటాడు. దారియూష్ మెహర్జూయీ దీన్ని 1969లో సినిమాగా తీస్తే, ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో తీసిన సినిమానే ప్రభుత్వం విడుదల కానివ్వలేదు, షా గారి ఆధునిక దేశంలో ఇంత దరిద్రం ఉన్నట్టు చూపిస్తావా అని. చివరికి ఇదంతా నలభై ఏళ్ల కిందటి సంగతి అని మొదట్లో ఒక ముక్క తగిలించాకే వదిలారు. ఆవు అంటే చమురు అని కొందరు రాశారు, దేశం అని కొందరు. ఏమో. ఊరంతా కలిసి ప్రేమతో ఆడిన అబద్ధం ఒక మనిషిని ఎలా తినేసిందో నాకు కనిపించింది, దానికి చమురు అక్కర్లేదు.

సమద్ బెహ్రంగీ 'చిన్న నల్లచేప' గురించి మాత్రం నాకు రెండు మనసులు. పల్లె బడిలో పంతులు, 1968లో ఈ పుస్తకం వచ్చిన ఏడాదే అరస్ నదిలో మునిగి చనిపోయాడు, సవాక్ చంపించిందన్న మాట జనంలో ఉండిపోయింది. సముద్రం చూడాలని వాగు వదిలి వెళ్లిన చేప కథ, తోటి చేపలు వెళ్లొద్దంటాయి, కొన్ని చంపేస్తామంటాయి కూడా. వేసింది ఎవరనుకున్నారు, మహారాణి ఫరా అండదండలతో నడిచే పిల్లల సంస్థ. ఒక తరం ఆ చేపని చూసే విప్లవంలోకి వెళ్లిందంటారు. ఆ చేప చేతికి బాకు దొరికాక నాకు ఆసక్తి తగ్గింది, వీరుడి కథలకి ఒక దారి ఉంటుంది, అందులో పడిపోతుంది. కానీ ముగింపు చూడండి. కథ చెప్పిన ముసలి చేపకి 12,000 మంది పిల్లలూ మనవలూ. కథ అయ్యాక 11,999 చేపలు గుడ్‌నైట్ చెప్పి నిద్రపోతాయి. ఒక్క ఎర్ర చేపకి మాత్రం నిద్రపట్టదు. అందరూ ఆ ఎర్ర చేప గురించే మాట్లాడతారు. నాకు ఆ లెక్క రాసినవాడి నిజాయితీ నచ్చింది. హాయిగా నిద్రపోయినవాళ్లని కూడా లెక్కపెట్టి మరీ రాశాడు.

ఇక సిమీన్ దానేశ్వర్ 'సవుషూన్'. ఇరాన్‌లో ఒక మహిళ అచ్చు వేయించిన మొదటి నవలగా చెబుతారు, 1969. రెండో ప్రపంచయుద్ధం, షీరాజ్ నగరం, ఊళ్లో బ్రిటిష్ సైన్యం, బయట కరువు. యూసఫ్ అనే భూస్వామి తన పంట విదేశీ సైన్యానికి అమ్మనంటాడు, నా రైతులకి ఏం పెట్టాలి అంటాడు. వీరుడు అతనే. కానీ నవల అతని కళ్లతో ఉండదు, భార్య జరీ కళ్లతో ఉంటుంది, అందుకే ఇది గొప్ప నవల.

మొదటి పేజీల్లోనే గవర్నరు కూతురి పెళ్లి. ఊళ్లో రొట్టె దొరకని రోజుల్లో రొట్టెలవాళ్లంతా కలిసి పెళ్లికి కానుకగా ఇంతవరకు ఎవరూ చూడనంత పెద్ద రొట్టె కాల్చి తెచ్చారు. యూసఫ్ అది చూసి మండిపడతాడు, జరీ ఈ ఒక్క రాత్రికి నోరు మూసుకోమని బతిమాలుకుంటుంది. అప్పుడే గవర్నరు ఇంటి పిల్ల వచ్చి, పెళ్లికూతురు పెట్టుకోవడానికి మీ పచ్చల కమ్మలు ఒకసారి ఇస్తారా, రేపు పంపించేస్తాం అంటుంది. పెళ్లి రాత్రి అత్తగారు పెట్టిన కమ్మలవి. జరీకి తెలుసు అవి తిరిగి రావని. తీసి ఇచ్చేస్తుంది.

ఆ సన్నివేశం దగ్గర నేను పుస్తకం మూసేశాను కాసేపు. తుపాకీ లేదు, కేక లేదు, నవ్వుతూ అడిగారు, నవ్వుతూ ఇచ్చింది. పెద్దవాళ్లింటి ఫంక్షన్లో ఇలా నవ్వుతూ ఏదో ఒకటి ఇచ్చి రాని ఆడది ఉంటుందా మన ఇళ్లలో? తర్వాత కొడుకు గుర్రం. గవర్నరు కూతురికి అది కావాలి. జరీ ఇంట్లోవాళ్ల ఒత్తిడికి లొంగి ఇచ్చేసి, గుర్రం చచ్చిపోయిందని పిల్లాడికి చెప్పి, తోటలో ఉత్తుత్తి సమాధి కూడా కట్టిస్తుంది. బిడ్డని కాపాడుకోవడానికే. ఇక్కడ మళ్లీ అదే, బయల్ ఊరివాళ్ల అబద్ధం. పైనున్నవాడు గుర్రం ఒక్కటే పట్టుకెళ్లాడు. పిల్లాడికి అమ్మ మీద నమ్మకం పోగొట్టింది అమ్మే.

యూసఫ్‌ని కాల్చి చంపాక, తనకి పిచ్చెక్కుతోందేమో అని భయపడుతున్న జరీకి ముసలి డాక్టర్ అబ్దుల్లా ఖాన్ చెబుతాడు, నీకున్నది పిచ్చి కాదమ్మా, అంతకంటే చెడ్డ అంటురోగం, భయం, అది చాలామందికి ఉంది అని. ఆ తర్వాత శవయాత్ర నిరసనగా మారడం, పోలీసులు అడ్డుకోవడం, చివరికి రాత్రిపూట గుట్టుగా పూడ్చడం. చివర్లో ఇంట్లో చెట్టు మొలుస్తుందని ఒక ఓదార్పు ఉత్తరం వస్తుంది, అందరూ అదే ఎత్తి రాస్తారు. నాకైతే కమ్మలే గుర్తున్నాయి.

షహర్నూష్ పార్సీపూర్ ఇంత మెత్తగా ఉండదు. 1974లో ఇద్దరు కవులకి ప్రభుత్వం మరణశిక్ష వేసి చంపితే టీవీ ఉద్యోగానికి రాజీనామా చేసిన మనిషి, షా కాలంలో జైలు, విప్లవం తర్వాత నాలుగేళ్లకి పైగా జైలు, 1989లో 'మగవాళ్లు లేని ఆడవాళ్లు' వచ్చాక దానికోసం మళ్లీ జైలు. చిన్న పుస్తకం, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. కథ 1953 కుట్ర రోజుల్లోది. మునీస్ అనే ఆవిడ చెప్పకుండా ఇంట్లోంచి వెళ్లి నెల తర్వాత తిరిగొస్తే అన్న అమీర్ ఖాన్ పరువు పోయిందని కత్తితో పొడిచి చంపుతాడు. అంతవరకు మనకి తెలిసిన కథే, పేపర్లో చూసేదే. అప్పుడు ఫాయెజే వస్తుంది, మునీస్ ప్రాణస్నేహితురాలు. ఆవిడ కెవ్వుమనదు. అన్నవి కదా, నువ్వు చేసింది సరైన పనే అని అతన్ని ఓదార్చి, తోటలో గొయ్యి తవ్వి పాతిపెట్టడానికి సాయం చేస్తుంది. అతన్ని పెళ్లి చేసుకోవాలని ఆశ మరి. చూబక్ కోళ్లు. (మునీస్ తర్వాత గోతిలోంచి లేచి వస్తుంది, అది వేరే సంగతి, పార్సీపూర్ లోకంలో చచ్చినవాళ్లు అంత తేలిగ్గా ఊరుకోరు.)

1979 విప్లవం తర్వాత రాసినవాళ్ల కష్టం వేరు. షా పోయాడు, మఖ్మల్ గొలుసు ఉంది. పుస్తకం అచ్చుకి వెళ్లాలంటే ముందు ఎర్షాద్ అనే సాంస్కృతిక మంత్రిత్వ శాఖ అనుమతి. షహ్రియార్ మందనీపూర్ ఈ వ్యవహారం మీదే ఒక నవల రాశాడు, 2009లో ఇంగ్లీషులో వచ్చింది, అందులో ఒక ప్రేమకథ రాస్తున్న రచయిత సెన్సారుకి భయపడి తన వాక్యాల్ని తనే కొట్టేసుకుంటూ పోతాడు, కొట్టేసిన గీతతో సహా పేజీ మీద అచ్చు వేశారు. నేను సిగ్గులేకుండా ముందు కొట్టేసినవే చదివాను. మీరూ అంతే చేస్తారు.

చివరగా మహమూద్ దౌలతాబాదీ. ఈయన్ని 1974లో సవాక్ పట్టుకెళితే, నా నేరం ఏమిటని అడిగాడట. ఏం లేదు, మేం పట్టుకున్న ప్రతివాడి దగ్గరా నీ పుస్తకాలు దొరుకుతున్నాయి అన్నారట. ఆయన 1980లలో రాసి, సొరుగులో దాచి, 2009లో జర్మన్ అనువాదంగా బయటపెట్టిన నవల 'కల్నల్'. ఇరాన్‌లో ఫార్సీలో వేయడానికి అనుమతి రాలేదు. ఐదుగురు పిల్లలు తలోదారి పట్టిన ఒక మాజీ సైనికాధికారి. అందులో ఖెజ్ర్ జావీద్ అని ఒక పాత్ర, సవాక్‌లో చిత్రహింసలు పెట్టే అధికారి. విప్లవం వచ్చాక తల దాచుకోవడానికి వచ్చేది ఎక్కడికి? తను హింసించిన కుర్రాడి ఇంటికే. ఆ తర్వాత కొత్త ప్రభుత్వంలో మళ్లీ పనిలో కుదురుకుంటాడు. జావీద్ అంటే చావు లేనివాడు, మనం చిరంజీవి అంటాం చూడండి, అది.

నవల మొదలవడం మాత్రం ఎడతెగని వానలో, రాత్రి, తలుపు చప్పుడుతో. ఇద్దరు కుర్ర పోలీసులు. మీ చిన్నమ్మాయి శవం ఉంది, వచ్చి తీసుకెళ్లి తెల్లారేలోగా పూడ్చేయాలి, ఎవరికీ తెలియకూడదు అంటారు. ఆ ముసలాయన కళ్లు తుడుచుకోవడానికి కూడా టైము లేదు, స్నానం చేయించడానికి మనిషి కావాలి, గుడ్డ కావాలి, పలుగూ పారా కావాలి. వాటికోసం తడుస్తూ అల్లుడింటికి బయల్దేరతాడు, ఆ అల్లుడు కొత్త ప్రభుత్వం పంచన చేరినవాడు.

రెండుసార్లు ఆ పేజీల దగ్గరే ఆపేశాను. మూడోసారి చదువుతుంటే అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది, ఏంటే అంత మొహం పెట్టుకుని చదువుతున్నావు అంది. ఇలా, ఇద్దరు పోలీసులొచ్చారు, పిల్లని వాళ్లే చంపేశారు, రాత్రికి రాత్రే పాతిపెట్టమన్నారు అని చెప్పాను. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. ఒలిచిన గింజలు గిన్నెలో వేసి అడిగింది.

"ఇంట్లో పార కూడా లేదా వాళ్లకి?"

లేదమ్మా, అల్లుణ్ణి అడుక్కోవాలి అన్నాను.